కోళ్ల గూటికి గాలి ఆడాలి

పెరట్లో నాలుగు కోళ్లు పెంచుకుంటున్న అక్కచెల్లెళ్లకు, రైతు సోదరులకు ఈ ప్రసంగం. ఈ రోజు మనం కోళ్ల గూట్లో ఆడాల్సిన గాలి గురించి మాట్లాడుకుందాం.

కోడికి ఏ మేత వేయాలి, ఏ టీకా ఎప్పుడు వేయించాలి, ఏ జాతి పిల్లల్ని తెచ్చుకోవాలి అని అడిగేవాళ్లు ఊరూరా ఉన్నారు. రాత్రంతా ఆ కోడి ఎలాంటి గాలి పీలుస్తోందని అడిగేవాళ్లు మాత్రం చాలా తక్కువ. పొద్దుగూకే వేళకు గూటికి చేరిన కోడి, తెల్లారి మనం తలుపు తీసేదాకా బయటికి రాదు. చలికాలంలో అయితే అది పన్నెండు, పదమూడు గంటలు. అంటే కోడి బతుకులో సగం గూట్లోనే గడుస్తుంది. ఆ సగం బాగుంటేనే పగలు తిన్న మేత ఒంటబడుతుంది, పెట్ట గుడ్డు పెడుతుంది, పిల్ల ఎదుగుతుంది.

మన దగ్గర గూళ్లు కట్టే తీరులో ఒక భయం కనిపిస్తుంది. పిల్లి పట్టుకుపోతుందని, పాము దూరుతుందని, ముంగిస వస్తుందని, వానకు తడుస్తాయని, చలికి ముడుచుకుపోతాయని ఎక్కడా సందు లేకుండా మూసేస్తాం. ఆ భయంలో న్యాయం ఉంది. కానీ సందు లేని గూట్లో కోడిని పిల్లి ఎత్తుకుపోకపోయినా రోగం ఎత్తుకుపోతుంది. నేను చెప్పదలచుకున్న మాట ఒక్కటే. గూడు కింది భాగం మూసి ఉండాలి, పైభాగం ఏడాది పొడవునా, రాత్రీ పగలూ తెరిచి ఉండాలి. మిగతాదంతా ఈ మాటకు వివరణే.

మనం ఉన్న నర్సీపట్నం ఒక పక్క మైదానం, ఇంకో పక్క మన్యం ఉన్న చోటు. ఇక్కడి నుంచి ఘాట్ రోడ్డు ఎక్కితే లంబసింగి, చింతపల్లి. కింద నాతవరం, మాకవరపాలెం, రోలుగుంట పల్లెల్లో రోహిణి కార్తెలో ఇంటి రేకు మీద చెయ్యి పెట్టలేం. పైన, దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగిలో డిసెంబరు, జనవరి నెలల్లో చలిమంట లేనిదే తెల్లారదు. నడుమ ముసుర్లు, తుపాన్లు సరేసరి. ఎండ, ముసురు, మంచు మూడూ చూసే ప్రాంతంలో ఒక్క కాలాన్ని మనసులో పెట్టుకుని గూడు కడితే మిగతా రెండు కాలాల్లో కోళ్లు బాధపడతాయి.

పెరటి కోడిని చిన్నచూపు చూడటానికి లేదు. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో పెరటి కోళ్లు దాదాపు 31 కోట్ల 70 లక్షలు. 2012 లెక్కతో పోలిస్తే దాదాపు 46 శాతం పెరిగాయి. అదే కాలంలో ఫారం కోళ్ల పెరుగుదల 5 శాతం కూడా లేదు. చాలా ఇళ్లలో పెరటి కోడి ఆడవాళ్ల చేతిలో ఉండే సొమ్ము. పిల్లల నోటు పుస్తకాలకో, మందుబిళ్లలకో, చుట్టం వచ్చిన రోజు కూరకో ఎవరినీ అడగకుండా వాడుకునే సొమ్ము. మన్యంలో అసిల్ అనే నాటు జాతి కోడిని ఒక ఇంటివాళ్లు ఇంకో ఇంటికి వాటాకు ఇచ్చి, పెరిగిన పిల్లల్ని పంచుకునే ఆచారం ఉంది. మహిళా పశువైద్యులు మొదలుపెట్టిన ‘అంత్ర’ అనే సంస్థ తూర్పు గోదావరి మన్యంలో ఆదివాసీ మహిళలతో కలిసి ఈ అసిల్ కోళ్లను నిలబెట్టేందుకు పనిచేసింది. వాటా కోడి చస్తే నష్టం రెండిళ్లకు.

ఈమధ్య ఇంకో మార్పు వచ్చింది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి వంటి కోళ్లను తయారుచేసింది. నాటు పెట్ట ఏడాదికి యాభై, అరవై గుడ్లు పెడితే, వనరాజా పెట్ట నూటికి అటూ ఇటూగా పెడుతుంది. వనరాజా ఒళ్లు కూడా బరువే. బరువైన కోడి ఎక్కువ తింటుంది, ఎక్కువ తాగుతుంది, ఎక్కువ రెట్ట వేస్తుంది, ఎండకు ఎక్కువ బాధపడుతుంది. గూడు మాత్రం తాతల నాటిదే. నాలుగు నాటు కోళ్లు పడుకున్న చోట ఇప్పుడు పన్నెండు పెద్ద కోళ్లు ఇరుక్కుంటున్నాయి. మేలుజాతి కోడిని తెచ్చుకున్నవాళ్లు ముందు గూడు మార్చుకోవాలి.

ఇంతకీ గాలి కోసం ఇంత పట్టుదల ఎందుకో తెలియాలంటే కోడి ఒళ్లు ఎలా పనిచేస్తుందో కొంచెం తెలుసుకోవాలి. మన ఊపిరితిత్తులు ఉబ్బుతాయి, తగ్గుతాయి. కోడి ఊపిరితిత్తులు దాదాపు కదలవు. వాటికి తోడుగా ఒంట్లో తొమ్మిది గాలి సంచులు ఉంటాయి. అవి మెడ నుంచి పొట్ట దాకా వ్యాపించి, కొన్ని ఎముకల్లోకి కూడా చేరతాయి. పీల్చిన గాలిని ఆ సంచులు ఊపిరితిత్తుల గుండా నడిపిస్తాయి. రెక్కల జీవికి అది చాలా గొప్ప ఏర్పాటు. కానీ గాలిలో దుమ్ము ఉన్నా, ఘాటు ఉన్నా, రోగక్రిమి ఉన్నా అది కూడా అదే దారిన ఒంటి లోతుల్లోకి చేరిపోతుంది.

ఇక వేడి సంగతి. కోడి ఒంటి వేడి ఎప్పుడూ 41 డిగ్రీల సెల్సియస్ పైమాటే. దానికి చెమట పట్టదు, చెమట గ్రంథులే లేవు. తల మీది తురాయి, గొంతు కింది తమ్మెల నుంచి కొంత వేడి పోతుంది. ఎండ ముదిరితే నోరు తెరిచి రొప్పుతుంది, రెక్కలు ఒంటికి ఎడంగా పెడుతుంది. రొప్పినప్పుడు గొంతులోని తడి ఆవిరై వేడిని తీసుకుపోతుంది. చుట్టూ ఉన్న గాలి కదలకుండా, తేమతో బరువెక్కి ఉంటే ఎంత రొప్పినా ఆవిరి పోదు, వేడి తగ్గదు. మన తీర ప్రాంతపు ఉక్క రాత్రుల్లో మూసిన రేకు గూట్లో కోళ్లు చనిపోవడానికి కారణం ఇదే. వేసవిలో గుడ్డు పెంకు పలచబడటానికి కూడా ఈ రొప్పడం ఒక కారణం.

మన తూర్పు కనుమల అడవుల్లో ఇప్పటికీ ఎర్ర అడవికోడి తిరుగుతోంది. పెరటి కోడికి మూలపురుషుడు అదే. అది రాత్రిళ్లు చెట్టు కొమ్మ మీద పడుకుంటుంది. పైన ఆకుల కప్పు, చుట్టూ గాలి. నాటు కోళ్లు వీలు చిక్కితే మునగ చెట్టో చింత చెట్టో ఎక్కేది ఆ అలవాటు వల్లే. పిల్లి భయంతో మనం వాటిని చెట్టు మీద నుంచి దించి గూట్లో పెట్టాం. చెట్టు మీద దొరికే గాలి గూట్లో కూడా దొరికేలా చూడటం మన బాధ్యత.

మూసిన గూట్లో ఒక రాత్రి ఏం జరుగుతుందో లెక్క వేద్దాం. బాగా ఎదిగిన కోడి రోజుకు దాదాపు 100 గ్రాముల రెట్ట వేస్తుంది. అందులో ముప్పాతిక భాగం నీళ్లే. పది కోళ్లుంటే రోజుకు ఒక కిలో. అందులో సగం రాత్రిపూట గూట్లో పడినా ఒకటిన్నర గ్లాసు నీళ్లు ఊకలో చేరినట్టే. దానికి తోడు పది కోళ్లూ రాత్రంతా వదిలే ఊపిరిలోని ఆవిరి. అది పైకి లేస్తుంది. పోయే దారి లేకపోతే చల్లబడిన రేకుకు లోపలివైపు పట్టి, తెల్లవారుజామున బొట్లు బొట్లుగా కోళ్ల వీపుల మీద, కింది ఊక మీద రాలుతుంది. కప్పు కారుతోందనుకుని రేకు మీద తారు పూసేవాళ్లు ఉన్నారు. వాన లేని రోజున కప్పు లోపల తడి కనిపిస్తే అది కోళ్ల ఊపిరి, గాలికి దారి లేదని చెప్పే గుర్తు.

ఆ తడి రెట్టను చేరితే అసలు కష్టం మొదలవుతుంది. రెట్టలో తెల్లగా కనిపించేది యూరిక్ ఆమ్లం. తడి, వేడి రెండూ దొరికితే సూక్ష్మజీవులు దాన్ని అమోనియా వాయువుగా మారుస్తాయి. గూడు తలుపు తీయగానే కళ్లు మండించే ఘాటు అదే. గాలిలో పది లక్షల భాగాలకు 25 భాగాలకు మించి అమోనియా ఉండకూడదని కోళ్ల పెంపకంలో ఒక హద్దు పెట్టుకున్నారు. మనిషి ముక్కుకు ఆ ఘాటు తెలిసేది దాదాపు ఆ హద్దు దగ్గరలోనే. కాబట్టి వాసన కొద్దిగా తెలిసినా జాగ్రత్తపడాల్సిందే. ఇంకో చిక్కు ఉంది. రోజూ ఆ గూడు శుభ్రం చేసేవాళ్ల ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. పక్కింటావిడ వచ్చి ఘాటుగా ఉందంటే కోపం తెచ్చుకోకండి, ఆవిడ ముక్కే నిజం చెబుతోంది.

కోడి శ్వాసనాళం లోపల కంటికి కనిపించనంత సన్నని నూగు ఉంటుంది. అది ఎప్పుడూ కదులుతూ దుమ్మునూ క్రిములనూ పైకి నెట్టేస్తుంటుంది. అమోనియా ఆ నూగును మొద్దుబారుస్తుంది. ఇక అడ్డుకునేవాడు లేని ఇంట్లోకి దొంగలు వచ్చినట్టు రోగాలు లోపలికి వస్తాయి. గురక, ముక్కు కారడం, కళ్ల నీళ్లు, ముఖం వాపు కనిపిస్తాయి. తడి ఊకలో కాక్సీడియా పెరిగి పిల్లలకు రక్త విరేచనాలు పట్టుకుంటాయి. ఊక బూజు పడితే ఆ బూజు ఊపిరితిత్తుల్లో నాటుకుని పిల్లలు నోళ్లు తెరిచి చనిపోతాయి. ఇన్ని జరిగాక మనం తెగులు తగిలిందంటాం. మందులు పోస్తాం. మందు పోసిన కోడిని మళ్లీ అదే గూట్లో పెట్టి తలుపు బిగిస్తాం.

మీ గూట్లో గాలి సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి యంత్రాలేమీ అక్కర్లేదు. మూడు పరీక్షలు చెబుతాను.

మొదటిది ముక్కు పరీక్ష. తెల్లారగట్ల, తలుపు తీసిన వెంటనే చేయాలి. నిలబడి వాసన చూస్తే చాలదు. అమోనియా పుట్టేది నేల మీది రెట్టలో, కోడి ముక్కు ఉండేది నేలకు దగ్గరలో. అందుకని మోకాళ్ల మీద కూర్చుని, కోడి తల ఎత్తున మీ ముఖం పెట్టి నెమ్మదిగా గాలి పీల్చండి. కళ్లు చెమర్చినా, ముక్కు చిరచిరలాడినా గూట్లో గాలి చాలడం లేదు.

రెండోది పిడికిలి పరీక్ష. కింద పరిచిన ఊకను గుప్పెట్లోకి తీసుకుని గట్టిగా నొక్కి వదలండి. ముద్దగా ఉండిపోతే తడి ఎక్కువైంది. మెల్లగా విడిపోతే సరిగ్గా ఉంది. పొడిపొడిగా ఎగిరి తుమ్ము తెప్పిస్తే మరీ ఎండిపోయింది, ఆ దుమ్ము కూడా కోడి ఊపిరికి మంచిది కాదు. పరీక్ష అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

మూడోది అగరబత్తి పరీక్ష. రాత్రి కోళ్లన్నీ సర్దుకున్నాక, అగరబత్తి వెలిగించి కోళ్లు కూర్చున్న ఎత్తులో పట్టుకోండి. పొగ నెమ్మదిగా పైకి లేచి, కప్పు కింద సందుల్లోంచి బయటికి పోతే మీ గూడు బాగున్నట్టు. లేచిన పొగ కప్పు కింద గుమిగూడి అక్కడే నిలబడితే గాలికి దారి లేదు. పొగ పైకి లేవకుండా కోళ్ల మీదుగా పక్కకు కొట్టుకుపోతే కోళ్ల ఒంటికి గాలి నేరుగా తగులుతోంది. తాటాకు, ఊక ఉన్న చోటు కాబట్టి నిప్పు జాగ్రత్త. బత్తిని చేతిలోనే ఉంచుకుని, బయటికి తెచ్చి ఆర్పేయండి.

ఈ మూడో పరీక్షలో గాలి సంగతంతా ఉంది. గాలి కోడి తల పైనుంచి ఆడాలి, కోడి ఒంటిని కొట్టకూడదు. కోడి ఈకలు విప్పార్చుకుని, వాటి మధ్య వెచ్చని గాలిని పట్టి ఉంచుకుంటుంది. తనకు తాను కప్పుకున్న దుప్పటి అది. పక్క నుంచి వచ్చే గాలి ఆ ఈకలను లేపేస్తే వెచ్చదనం పోతుంది. తల మీద గజం ఎత్తున ఎంత గాలి పారినా దానికి ఇబ్బంది లేదు. అందుకే కింద మూయాలి, పైన తెరవాలి.

ఇప్పుడు కొలతలు చెబుతాను. కాగితం, పెన్ను ఉంటే దగ్గర పెట్టుకోండి. పది పన్నెండు పెద్ద కోళ్లకు గూడు పొడవు 6 అడుగులు, వెడల్పు 4 అడుగులు. అంటే కోడికి 2 చదరపు అడుగుల చోటు. ముందు వైపు ఎత్తు 6 అడుగులు, వెనక వైపు 5 అడుగులు. నేల నుంచి అడుగున్నర ఎత్తులో గూడు అడుగు భాగం రావాలి. వాన నీళ్లు కింద నుంచి పారిపోతాయి, పందికొక్కు కన్నం వేయలేదు. పొడుగు వైపులు రెండూ ఉత్తరానికీ దక్షిణానికీ ఉండాలి, అంటే గూడు తూర్పు పడమరలుగా పొడుగ్గా ఉండాలి. అప్పుడు సాయంకాలపు పడమటి ఎండ చిన్న గోడ మీదే పడుతుంది. మన వైపు ఎక్కువగా వీచే దక్షిణపు గాలి, నైరుతి గాలి పొడుగు వైపున దూరి ఎదుటి వైపు నుంచి పోతాయి.

పొడుగు వైపులు రెండింటికీ అడుగు భాగం నుంచి మూడడుగుల ఎత్తు దాకా వెదురు తడికో, చెక్కో, ఇటుకో పెట్టి మూయండి. ఆపైన కప్పు దాకా ఇనప వల కొట్టండి. కోళ్లు ఎక్కి కూర్చునే కర్ర అడుగు భాగం నుంచి అడుగున్నర ఎత్తులో ఉండాలి. అప్పుడు కూర్చున్న కోడి తల కూడా మూసిన భాగానికి లోపలే ఉంటుంది, గాలి పైనుంచి పోతుంది. కర్ర రెండంగుళాల మందాన, కోడికి జానెడు చొప్పున చోటు వచ్చేలా చూసుకోండి. చిన్న గోడలు రెండూ పూర్తిగా మూసినా ఫరవాలేదు. కప్పు చూరు బయటికి రెండడుగులు దిగాలి. రెండు వాలుల కప్పు అయితే నడికొప్పు దగ్గర బెత్తెడు సందు వదిలి, దాని మీద ఇంకో రేకు ముక్క ఎత్తుగా కట్టండి. వేడిగాలి పైకి పోయే సహజమైన దారి అది.

వల సంగతి గట్టిగా చెప్పాలి. ఆరు మూలల కన్నుల పలచని కోళ్ల వల కోళ్లను లోపల ఉంచుతుందే తప్ప శత్రువును బయట ఉంచదు. ముంగిస, బావురుపిల్లి దాన్ని పీకేస్తాయి, పాము దూరేస్తుంది. అరంగుళం కన్నుల వెల్డ్ మెష్ తీసుకోండి. దాన్ని చెక్క అంచుకు పట్టీ పెట్టి మేకులతో బిగించండి. ఖరీదు కొంచెం ఎక్కువే కానీ, గూడు మూసేయడానికి మనల్ని తరుముతున్న భయం ఆ వలతో తీరిపోతుంది.

చలిదేశాల్లో గూళ్లు మూసే ఉంచుతారు కదా అని ఎవరైనా అనవచ్చు. మంచు కురిసే అమెరికా ఈశాన్య ప్రాంతంలో 1920ల్లోనే ప్రిన్స్ వుడ్స్ అనే డాక్టరు, ముందు వైపు వల తప్ప తలుపులు లేని కోళ్ల గూళ్లను ప్రచారం చేశాడు. వాటి మీద పుస్తకం కూడా రాశాడు. మూడు వైపులా మూసి, ముందు వైపు తెరిస్తే, లోపల పొడిగా ఉన్న కోడి చలిని తట్టుకుంటుందని ఆయన వాదం. మంచులోనే ఆ పద్ధతి పనికొచ్చినప్పుడు నర్సీపట్నంలో భయపడాల్సింది లేదు.

కొత్త గూడు కట్టుకునే స్తోమత అందరికీ ఉండదు. ఉన్న గూటిని బాగు చేసుకునే దారులు చెబుతాను.

పాత ఇళ్లలో అరుగు కింద గూడు ఉంటుంది. దానికి ఒకటే నోరు, వెనక అంతా గోడ. వచ్చిన గాలి పోయే దారి లేదు. వెనక వైపు పైమూలలో కన్నం పెట్టి, నాలుగంగుళాల పీవీసీ పైపు అమర్చి, అరుగు మీదుగా పైకి లేపండి. పై కొసకు వంపు ముక్క తగిలించి వల కట్టండి. ముందు చెక్క పలక తీసేసి, చెక్క చట్రానికి వల బిగించిన తలుపు పెట్టండి. ఇంత చేసినా అందులో మూడు నాలుగు నాటు కోళ్లకు మించి పెట్టవద్దు.

గంప మంచిదే. వెదురు బద్దల సందుల్లోంచి గాలి ఆడుతుంది. దాని మీద టార్పాలిన్ కప్పినప్పుడే కోళ్లకు ఊపిరాడదు. వానకు గంపను చూరు కిందికి జరపండి, పైన సగం వరకే గోనె సంచి వేయండి.

పాత డ్రమ్ములు, రేకు పెట్టెలు, సిమెంటు ఒరలు గూళ్లుగా వాడేవాళ్లు ఉన్నారు. పగలు ఎండకు కాలి, రాత్రి మంచుకు చెమర్చే వస్తువులవి. తప్పదనుకుంటే రెండు ఎదురెదురు వైపులా పైభాగంలో అడుగు వెడల్పున కోసి వల పెట్టండి, నీడలోకి మార్చండి.

ఇప్పుడు కాలాల సంగతి. వేసవిలో రేకు కప్పు మీద తాటాకో, రెల్లుగడ్డో, చెరకు ఆకో మందంగా కప్పండి. లేదా రేకుకు తెల్లగా సున్నం కొట్టండి. కింది మూసిన భాగంలో రెండు చోట్ల వల పెట్టిన చిన్న కిటికీలు ఉంచుకుని, వేసవిలో వాటిని కూడా తెరవండి. కింద నుంచి చల్లగాలి వస్తుంది, పైనుంచి వేడిగాలి పోతుంది. గోనె పట్టాలు తడిపి కట్టే అలవాటు మంచిదే కానీ, గాలి వచ్చే ఒక్క వైపే కట్టండి, ఎదుటి వైపు తెరిచి ఉంచండి. నాలుగు వైపులా తడి పట్టాలు కడితే లోపల ఉక్క పెరిగి మేలు కంటే కీడు ఎక్కువ. మట్టి మూకుడులో నీళ్లు నీడన పెట్టి, మధ్యాహ్నం ఒకసారి మార్చండి. మేత పొద్దున్నే, సాయంత్రం చల్లబడ్డాకే వేయండి.

వానాకాలంలో జల్లు లోపలికి కొట్టకుండా పరదా కట్టాలి. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. పరదాను పైన కట్టి కిందికి వేలాడదీస్తారు. అప్పుడు పైన మూసుకుపోతుంది, కింద నుంచి గాలి కోళ్లను కొడుతుంది. పెద్ద ఫారాల్లో పరదాను కింద బిగించి, తాళ్లతో పైకి లాగుతారు. జల్లు ఎంత ఉంటే అంత ఎత్తు లేపుతారు, పైన మాత్రం జానెడు సందు ఎప్పుడూ వదులుతారు. మనమూ అలాగే చేయాలి. తుపాను హెచ్చరిక ఉన్న రోజున గాలి కొట్టే వైపు పూర్తిగా మూసి, ఎదుటి వైపు తెరిచి ఉంచండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఎలా వీచిందో మన వైపు ఎవరూ మరచిపోలేదు. గూటి స్తంభాలు లోతుగా పాతి, కప్పును తీగతో కట్టుకోవాలి.

చలికాలంలో పెద్ద కోళ్లకు గూడు పొడిగా ఉంటే చాలు. లంబసింగి, చింతపల్లి వైపు ఉన్నవాళ్లు కింది కిటికీలు మూసి, ఉత్తరం వైపు పరదా లేపి, దక్షిణం వైపు పైభాగం తెరిచే ఉంచండి. సందుల్లో గోనె సంచులు కుక్కి మొత్తం బిగించవద్దు. లోపల వెచ్చగా అనిపించేది ఆ ఒక్క పూటే. తెల్లారేసరికి తడి, ఘాటు, గురక మిగులుతాయి.

పిల్లల సంగతి వేరు. ఈకలు రాని పిల్లకు మనమే వెచ్చదనం ఇవ్వాలి. తల్లి కోడి ఉంటే దాని రెక్కలే చాలు. కొని తెచ్చుకున్న పిల్లలకు మొదటి వారం దాదాపు 35 డిగ్రీల వేడి కావాలి. తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద ముద్దగా చేరి అరుస్తుంటే చలేస్తోంది. దూరంగా జరిగి నోళ్లు తెరిస్తే వేడి ఎక్కువైంది. అన్నీ ఒకే పక్కకు ఒత్తుకుంటే రెండో పక్క నుంచి గాలి కొడుతోంది. చుట్టూ అడుగున్నర ఎత్తున తడిక నిలబెడితే ఆ గాలి ఆగుతుంది. గదంతా మూసేసి బొగ్గుల కుంపటి మాత్రం పెట్టవద్దు. దాని నుంచి వాసన లేని విషవాయువు పుడుతుంది. పిల్లలకూ, ఆ గదిలో పడుకున్న మనుషులకూ అది ప్రాణాపాయం.

ఇక నేల. అడుగున రెండు మూడంగుళాల మందాన వరి ఊక పరవండి. చెరకు పిప్పి వాడేవాళ్లు ఎండలో బాగా ఆరబెట్టి వాడాలి. పచ్చి పిప్పికి బూజు త్వరగా పడుతుంది. రెండు మూడు రోజులకోసారి ఊకను కర్రతో తిరగేయండి. కర్ర కింద పడిన రెట్టను రోజూ తీసేయండి, గూట్లో పుట్టే ఘాటులో ఎక్కువ భాగం అక్కడిదే. ఒక హెచ్చరిక. తడి రెట్ట మీద సున్నంగానీ బూడిదగానీ చల్లితే అమోనియా ఒక్కసారిగా లేస్తుంది. ముందు పాత ఊక ఎత్తేసి, ఖాళీ నేల మీద సున్నం చల్లి, ఆరాక కొత్త ఊక పరవండి. తీసిన పెంటను గూటికి దూరంగా, వాన తగలని చోట మగ్గబెట్టండి. ఘాటుగా గాలిలో కలిసిపోయేది మీ మొక్కలకు అందాల్సిన నత్రజనే.

గాలి బాగుంటే టీకాలు అక్కర్లేదని అనుకోవద్దు. కొక్కెర తెగులుకు, అంటే రాణీఖేత్ వ్యాధికి, పిల్లకు మొదటి వారంలో కంట్లో చుక్క, ఎనిమిది వారాల వయసులో ఇంజక్షను వేయించాల్సిందే. వివరాలకు దగ్గరలోని పశువైద్యశాలను అడగండి. ఉన్నట్టుండి చాలా కోళ్లు ఒక్కసారిగా చనిపోతే వాటిని ముట్టుకోకుండా, కొయ్యకుండా వెంటనే పశువైద్య సిబ్బందికి తెలియజేయండి.

చెప్పినవన్నీ ఒకసారి గుర్తు చేసుకుందాం. కోడికి రెండు చదరపు అడుగుల చోటు. కింద మూడడుగులు మూసిన గోడ, పైన కప్పు దాకా అరంగుళం కన్నుల వల. కోళ్లు కూర్చునే కర్ర మూసిన భాగంలోనే. పరదా కింద నుంచి పైకి. ఊక పొడిగా, రెట్ట ఏ రోజుది ఆ రోజే. ఏ కాలంలోనైనా పైన జానెడు సందు తప్పనిసరి.

ఇవన్నీ ఒక్కరోజులో చేయలేకపోతే ఒక్క పని చేయండి. రేపు తెల్లవారి గూడు తలుపు తీసి, మోకాళ్ల మీద కూర్చుని ఒకసారి గాలి పీల్చి చూడండి. కళ్లు మండితే సాయంత్రం కోళ్లు గూటికి చేరేలోపు కప్పు కింద రెండు వైపులా సందు చేసి వల కొట్టండి. ఒక పూట పని, రెండు గజాల వల. మీ కోళ్ల ఆరోగ్యానికి ఇంతకంటే చవకైన మందు లేదు.